ఆదెప్ప ఎవరి చేట ఎవరికిచ్చినాడు

మా ఆదెప్ప ఏ వస్తువునూ తెచ్చిన ఇంట్లో తిరిగి ఇచ్చిన పాపాన పోలేదు. అట్లాగని ఎగ్గొట్టే రకం కాదు. తప్పకుండా ఇచ్చేవాడు. చెప్పిన పొద్దుకే ఇచ్చేవాడు. కడిగి, తుడిచి, ఆరబెట్టి మరీ ఇచ్చేవాడు. కాకపోతే ఇంకొకరింట్లో ఇచ్చేవాడు.

వరసకు నాకు మరిది. భుజాన తువ్వాలు, నోట్లో వేపపుల్ల, పొద్దున్నే నా గడపలో ప్రత్యక్షం.

"వదినా, చేట ఉండాదా?"

"ఉండాది. నీకెందుకప్పా? మీ ఇంట్లో కొత్తది గోడకు వేలాడతాండాది గదా!"

"అది వేలాడతాండాదిలే. నీది ఇయ్యి."

తీసుకుపోయేవాడు. సాయంత్రానికి నా చేట మా వీధి తిప్పమ్మ ఇంట్లో తేలేది, తిప్పమ్మ కడవ నా అరుగు మీద కూర్చునేది. నేను రెండో తరగతితో బడి మానేసినదాన్నే అయినా నా సామాను వీధి చివర కనబడినా గుర్తుపడతాను. ఇంత మగాడు, జరీ అంచులో ఒక్క పోగు తప్పకుండా చీర నేసేవాడు, చేట ఎవరిదో గుర్తుపెట్టుకోలేడా? అడిగితే తల గోక్కుని, "మతిమరుపు వదినా" అనేవాడు.

అతని పెండ్లాం చిన్నక్క నెత్తి కొట్టుకునేది. "ఈయప్పనే ఎవురన్నా ఎరవడిగితే బాగుండు. ఇచ్చేస్తా. తిరిగి యాడ ఇచ్చినా ఫరవాలేదు."

మాది ధర్మవరానికి దగ్గరి పల్లె. ఎగువ వీధిలో మా మగ్గాలు. దిగువ వీధిలో కూలి పనులకు పోయేవాళ్ళు, వాళ్ళ చిన్న చర్చి. నడుమ వంక. వంకంటే నీళ్ళు గలగలా పారుతుంటాయని అనుకునేరు. ఉత్త ఇసుక. మా సీమలో నీళ్ళు కూడా ఎండకు భయపడి ఇసుక కిందే దాక్కుంటాయి. మోచేతిలోతు తవ్వితే చెలమ ఊరేది. గిన్నెతో తోడుకుని కడవ నింపుకునేవాళ్ళం. ఆ నీళ్ళ తీపి ఎట్లా ఉండేదో ఎంతమందికి చెప్పినా చెప్పినట్టు ఉండదు. ఎగువ చెలమ మాది, దిగువ చెలమ వాళ్ళది. రెండు వీధులకూ మాటల్లేవు. తగాదా ఉంటే తిట్టుకోవడానికన్నా మాట కలుస్తుంది, మాకు అదీ లేదు.

ఆదెప్ప మతిమరుపు ఒక పొద్దు వంక దాటింది. నా రోకలి దిగువ వీధిలో సువార్తమ్మ ఇంట్లో ఇచ్చి, సువార్తమ్మ జల్లెడ తెచ్చి నాకిచ్చాడు. మరునాడు సువార్తమ్మ రోకలి భుజాన పెట్టుకుని మా వీధికి వచ్చింది. ఆమె నడక చూసి ఎవరి నెత్తి పగలగొట్టడానికో అనుకున్నాను.

"రామలక్ష్మమ్మంటే ఎవురమ్మా?"

"నేనే. ఏం?"

"ఈ రోకలి మీదంట. మా జల్లెడ మీ ఇంట్లో ఉందంట."

"ఎవురు చెప్పినారు?"

"ఇంకెవురు, ఆ తిక్కలాయప్పే."

మొదట వీధిలో నిలబడి మార్చుకున్నాం. మరోసారి అరుగు దగ్గర. ఆ తర్వాత అరుగు మీద కూర్చుని. ఎప్పుడు గడప దాటి లోపలికి వచ్చిందో, ఎప్పుడు నేను వాళ్ళింటికి పోయి చెనిక్కాయలు వలుచుకుంటూ కూర్చున్నానో గుర్తే లేదు. ఆదెప్పను ఇద్దరం కలిసి తిట్టేవాళ్ళం. ఒకే మనిషిని కలిసి తిట్టుకుంటే ఆడవాళ్ళ మధ్య ఎంత స్నేహం కుదురుతుందో అప్పుడే తెలిసింది. రెండు వీధుల్లోనూ ఇదే కథ. ఒకసారి ఇసుర్రాయినే నెత్తిన పెట్టుకుని వంక దాటాడు మహానుభావుడు. దాన్ని వెనక్కి తేవడానికి నలుగురు ఆడవాళ్ళం పోయి, అక్కడే అన్నం తిని వచ్చాం.

ఒక కరువు ఏట పామిడి నుంచి రామదాసు అనే కంట్రాక్టరు జీపులో దిగాడు. మా అరుగు మీద పటం పరిచాడు.

"వంక చచ్చిపోయి ఏండ్లయింది. ఎర్రమట్టి తోలి చదును చేస్తే కాలనీ లేస్తాది."

"మరి చెలమలు?" అన్నాను.

"పూడుస్తాం. కుళాయిలొస్తాయి."

"ఎప్పుడు?"

"వస్తాయి లేమ్మా."

"నీళ్ళెక్కడి నుంచి వస్తాయప్పా ఆ కుళాయిల్లోకి, జీపులోంచా?"

అతను నాతో మాట్లాడ్డం మానేసి మగవాళ్ళ వైపు తిరిగాడు. "దిగువ వీధివాళ్ళంతా వేలిముద్రలు వేసేసినారు. మీరు ఎనకబడితే ఇండ్లన్నీ వాళ్ళకే."

ఆ మాట పని చేసింది. వాళ్ళకు పోతాయంటే మనకు కావాలనిపిస్తుంది కదా. మగవాళ్ళు బొటనవేళ్ళు చూసుకోవడం మొదలుపెట్టారు.

మరునాడే సువార్తమ్మ మా గంప పట్టుకుని వచ్చింది. మొహం కందగడ్డలా ఉంది.

"ఏమక్కా, మీ వీధోల్లంతా వేలిముద్రలేసినారంట గదా! మా బిడ్డలు ఏం తాగల్ల? ఇసుక తినల్లా?"

"మేమా? మీరేసినారంట గదా!"

"ఎవురు చెప్పినారు?"

"రామదాసు. మీకు?"

"ఆ రామదాసే!"

ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ముందు తిట్లొచ్చాయి, తర్వాత నవ్వొచ్చింది. చీకటి పడేలోగా రెండు వీధులకూ అబద్ధం తెలిసిపోయింది. వేలిముద్ర ఒక్కటీ పడలేదు.

రామదాసు తెలివైనవాడు. రెండు వీధుల వంటింట్లోకీ పోయి రాగలిగిన మనిషి ఆదెప్ప ఒక్కడేనని కనిపెట్టాడు. ఒక ట్రాన్సిస్టర్ రేడియో తెచ్చి అతని ఒళ్ళో పెట్టాడు.

"నీదే, ఉంచుకో. కాలనీకి వంక చూసేకి ఆఫీసరొచ్చిన పొద్దు రెండు వీధులతో సరేననిపించు."

"ఉంచుకోనప్పా. ఎరవయితే తీసుకుంటా, మళ్ళా ఇచ్చేస్తా."

"ఎరవే అనుకోపో," అని నవ్వుకుంటూ పోయాడు.

ఇక చూడండి ఊరి అవస్థ! ఆదెప్ప ఎరవు తెచ్చాడంటే అది ఎవరో ఒకరి గడపలో తేలాల్సిందే. నేను గూడు తుడిచి, అడుగున గుడ్డ పరిచి పెట్టాను. సువార్తమ్మ బ్యాటరీలు ఎక్కడ దొరుకుతాయో విచారించింది. తిప్పమ్మ జ్వరమని పని మానేసి గడపలోనే కూర్చుంది. ఆదెప్ప వీధిలో నడిస్తే అందరూ గొంతు పెంచి మర్యాదగా పలకరించేవాళ్ళు. అతను మాత్రం ఉత్త చేతులతో వచ్చి, ఉన్నదేదో అడిగి తీసుకుపోయేవాడు.

ఆఫీసరు వచ్చే రోజు రానే వచ్చింది. వంకలోనే విచారణ అన్నారు. రెండు వీధులవాళ్ళూ ఒకచోట చేరతారు కదా, ఎవరి సామాన్లు వాళ్ళకు మార్చుకోవచ్చని ప్రతి ఆడమనిషీ ఇంట్లో ఉన్న పరాయి సామాను పట్టుకొచ్చింది. ఆఫీసరు జీపు దిగేసరికి ఇసుకంతా రోకళ్ళు, గడపారలు, కొడవళ్ళు పట్టుకున్న జనం. వెంట వచ్చిన పోలీసాయన జీపు వెనక్కి పోయి నిలబడ్డాడు.

"ఏమ్మా, కొట్లాటకొచ్చినారా?" అన్నాడు ఆఫీసరు గొంతు సవరించుకుని.

"లేదు సార్. సామాన్లు మార్చుకునేకి వచ్చినాం."

ఆయనకు అర్థం కాలేదు. "సరే, ఎగువ వీధివాళ్ళు ఇటు, దిగువ వీధివాళ్ళు అటు నిలబడండి. విడివిడిగా అడుగుతాను."

ఎవరూ కదల్లేదు.

"నా రోకలి ఆమె చేతిలో ఉంటే నేను యాడికి పోవల్ల సార్?" అన్నాను.

రామదాసు ముందుకొచ్చాడు. "వీళ్ళ మాటకేం సార్! పెద్దమనిషి ఆదెప్ప ఒప్పుకున్నాడు. నా రేడియో కూడా తీసుకున్నాడు. అడగండి."

జనమంతా ఒకరినొకరు చూసుకున్నారు. "మా ఇంటికి రాలే" అంది తిప్పమ్మ. "మాకూ రాలే" అంది సువార్తమ్మ. అందరి కళ్ళూ ఆదెప్ప మీద పడ్డాయి. వీడు గానీ సరేనన్నాడా, చెలమలు పోయినట్టే.

ఆదెప్ప వేపపుల్ల తీసి ఉమ్మి, తాపీగా చెప్పాడు. "నిన్ననే ఇచ్చొస్తిని గదప్పా. పామిడిలో, ఏటి పక్క సందు, నీలం తలుపు. మీ అమ్మ తీసుకునింది. పాపం, మజ్జిగ కూడా ఇచ్చింది."

ఎవరి చేతిలోంచో జల్లెడ జారి పడింది.

"తెచ్చినోళ్ళ ఇంట్లోనే ఇచ్చినాడా!" అని తిప్పమ్మ, ఎవరో పోయినంత గట్టిగా అరిచింది.

ఆఫీసరు రామదాసును ఒక చూపు చూశాడు. తర్వాత చెలమ దగ్గర గొంతుక్కూర్చుని, సువార్తమ్మ తోడిచ్చిన నీళ్ళు దోసిలితో తాగాడు. మళ్ళీ పట్టాడు. మళ్ళీ తాగాడు.

"రెండు వీధులకూ ఇవేనా తాగే నీళ్ళు?"

"ఇవే సార్. ఇవి పూడ్చి ఇండ్లు కట్టిస్తే, ఆ ఇండ్లలో కూర్చుని గొంతెండి చావల్ల," అంది సువార్తమ్మ.

ఆయన లేచి, చేతులు తుడుచుకుని, "ఈ ఇసుకలో ఒక్క రాయి పాతకూడదు" అన్నాడు. రామదాసు పటం చుట్టుకున్నాడు. ఆ కాలనీ తర్వాత బస్సు రోడ్డు పక్కన గుట్ట దగ్గర లేచింది.

అందరూ వెళ్ళాక ఆదెప్పను వంకలోనే పట్టుకున్నాను.

"ఏమప్పా, పుట్టి బుద్ధెరిగి పోని పామిడిలో నీలం తలుపు దొరికింది గానీ, ఇన్నేండ్లూ నీకు నా గడప దొరకలేదా? మతిమరుపంటే నమ్మితిమే!"

ఆదెప్ప తల గోక్కున్నాడు. ఇంకా కదలకుండా ఇసుకలో కూర్చుని కబుర్లాడుకుంటున్న ఆడవాళ్ళ వైపు చూశాడు.

"సరిగ్గా ఇచ్చేస్తే మళ్ళా రారు గదా వదినా," అన్నాడు. "ఆ రామదాసు మాత్రం మళ్ళా రానక్కర్లే."

అప్పుడే నా చేతికి తిరిగొచ్చిన రోకలిని, అతను అడక్కుండానే మళ్ళా అతని భుజాన పెట్టాను. ఊళ్ళో ఎవరూ చూడలేదు కాబట్టి సరిపోయింది.

ఇప్పుడు ఆదెప్ప లేడు. ఎగువ వీధికొక బోరింగు, దిగువ వీధికొక బోరింగు వేశారు. చప్ప నీళ్ళు. ఎవరి కడవ వాళ్ళది, ఎవరి చేట వాళ్ళది, ఏదీ పక్కింటికి పోదు. సువార్తమ్మకు మోకాళ్ళ నొప్పులట, ఎవరో చెబితే తెలిసింది. పొద్దున్నే నా గడపలో నిశ్శబ్దం తప్ప ఇంకేదీ వచ్చి నిలబడదు.

పోయే ముందు వారం కూడా వచ్చాడు. "వదినా, పప్పుగుత్తి ఉండాదా?" అని తీసుకుపోయాడు. అది ఇంతవరకూ తిరిగి రాలేదు. చిన్నక్క ఇల్లంతా వెతికింది, లేదంది. ఎవరింట్లో ఇచ్చిపోయాడో ఏమో.

మీ ఇంట్లో ఉందేమో చూడండి. కొయ్యది, పిడి మీద కొంచెం కాలిన మచ్చ ఉంటుంది. ఉంటే తెచ్చివ్వండి. గడపలో పెట్టి వెళ్ళిపోతే మాత్రం ఊరుకోను, లోపలికొచ్చి కూర్చోవాలి. పప్పు ఎనపడానికి నాకేం తొందర లేదు.