నేలపాలైన ముర్రుపాలు

సోమలమ్మకు కోపం ముక్కుమీదే ఉంటుందని నర్సీపట్నం గొల్లలంతా అనేవారు. 1927 చలికాలంలో ఆమె మందలో పుట్టిన పద్నాలుగు గొర్రెపిల్లల్లో పదకొండు వారం తిరక్కుండానే నెత్తురు విరేచనాలై చచ్చిపోయాయి. అప్పటినుంచి ఆమెతో మాట్లాడాలంటేనే జనం జంకేవారు.

మరుసటి ఏడు పశువుల డాక్టరు భానుమూర్తిగారు గొలుగొండ దారిలో ఉన్న ఆమె దొడ్డికి వచ్చి చూలు గొర్రెలకు సూదిమందు వేశారు. నెల తిరిగాక మళ్లీ వేశారు.

"సచ్చేది పిల్లలైతే తల్లులకి సూదేటి బాబూ?" అని సోమలమ్మ మండిపడింది.

"పిల్లకు వేస్తే మందు పనిచేసేలోపే రోగం దాన్ని మింగేస్తుంది. తల్లికి వేస్తే ఆ బలం ముర్రుపాలలోకి దిగుతుంది. పిల్ల పుట్టిన గంటలోపే తాగించు. ఒక్క చుక్క పారబోయకు," అన్నారాయన.

ఆ మాట సోమలమ్మ తన అత్త అప్పలకొండకు రెండుసార్లు చెప్పింది. తొలిపాలు పిల్లకు అరగవని, పిండి పారబోయాలని అప్పలకొండ పట్టుదల. అయినా ఊఁ కొట్టింది.

సోమలమ్మ నక్కపల్లి సంతకు వెళ్లిన రెండు రోజుల్లో మూడు గొర్రెలు ఈనాయి. తిరిగొచ్చేసరికి దొడ్డి మూల పచ్చటి పాల మరక, దానిమీద ఈగలు. వారంలో ఆ మూడు పిల్లలూ పోయాయి. తర్వాత ఆమె దగ్గరుండి తాగించిన తొమ్మిదీ బతికి గంతులేశాయి.

మూడో పిల్లను పాతిపెట్టిన రోజే సోమలమ్మ అత్త మీద విరుచుకుపడింది.

"రెండు మార్లు సెప్పినాను! నీ సెవుల్లో ఏటి పోసుకున్నావు?"

"మాయమ్మ సేసిందే నానూ సేసినాను. గొర్రిపిల్ల కోసం నన్నింతలేసి మాటలంటావా?"

"గొర్రిపిల్ల కోసమేనా? నా తొలిసూలు గుంటడికి మూడ్రోజులు బెల్లం నీళ్లే పట్టించినావు. రొమ్ములు సలిపేస్తంటే గోడకేసి పిండించినావు. తొమ్మిదో నాడు ఆడు పోనాడు. నీ మాటిని నానే పిండినాను కదే, నా సేతుల్తోటి!"

ఆ పాలు తాగితే బిడ్డ బతికేవాడో లేదో ఎవరూ చెప్పలేరు. చెప్పినా సోమలమ్మ వినేది కాదు. అత్తతో మాటలు మానేసింది.

ఫాల్గుణంలో ఆడపడుచు సీతాలు పుట్టింటికి పురిటికి వచ్చింది. బొడ్డు కోయగానే అప్పలకొండ అలవాటుగా బెల్లం నీళ్ల గిన్నె తెచ్చింది. సోమలమ్మ దాన్ని లాక్కుని వీధిలోకి విసిరేసి, బిడ్డను తల్లి రొమ్ముకు అందించింది.

"బేగి పట్టించు, సీతాలూ."

ఆ తర్వాత మూడు రోజులూ ఆ గది గుమ్మంలోనే కూర్చుంది. అత్తను గడప దాటనివ్వలేదు.