చెల్లి కోసం కొన్న గేదె

నేనూ చెల్లీ పుట్టింది కైకలూరు దగ్గర ఒకే ఇంట్లో. నా చిన్నప్పుడు వంటింటి గోడకు ఆనుకొని గేదెల సావిడి ఉండేది. నేను పాకింది ఆ గడ్డిలోనే. గుమ్మపాలు, గడ్డపెరుగు, తోటకూర, కొల్లేటి చేప, ఏది పెడితే అది తిన్నాను. చెల్లి పుట్టేసరికి రెండు వేల సంవత్సరం దాటింది, మా వరిచేను చేపల చెరువయింది. గడ్డి లేదు కనుక గేదెల్ని అమ్మేశారు. సావిడిలో చేపల మేత బస్తాలు చేరాయి, పాలు ప్యాకెట్లలో వచ్చేవి.

మూడో ఏట చెల్లికి పిల్లికూతలు మొదలయ్యాయి. నెమ్ము చేస్తాయని అమ్మ పెరుగూ అరటిపండూ మాన్పించింది. ఇక మిగిలింది చారన్నం, బిస్కెట్లు.

ఏలూరు డాక్టరుగారు ఉబ్బసమని చెప్పి ఇన్‌హేలర్ ఇచ్చారు. పుట్టినప్పటి నుంచీ పశువుల మధ్య పెరిగి, ఇంటి పాడి, తాజా తిండి తిన్న పిల్లల్లో ఈ జబ్బు తక్కువంటారని మాటల మధ్య అన్నారు. నాన్నగారి తల్లి, మా మామ్మ, తనకు కావలసినంతే విన్నది.

"గేదెల్ని అమ్మబట్టే ఇదంతా. ఆ గొట్టం అలవాటైతే ఇక వదలదు. దాన్ని బీరువాలో పెట్టి, ముందు గేదెను తోలుకురా అబ్బాయ్," అంది.

మా చుట్టుపక్కల అంతా చెరువులే. నాన్న తాడేపల్లిగూడెం అవతల నుంచి గేదెనూ ఎండుగడ్డినీ లారీలో తెచ్చారు. మామ్మ రోజూ చెల్లిని సావిడిలో కూర్చోబెట్టేది. ఒకరోజు పొద్దున్నే ఎండుగడ్డి దులుపుతుంటే ఆ దుమ్ముకు చెల్లికి ఊపిరాడలేదు. పెదవులు నల్లబడ్డాయి. నాకు ఏడుపు కూడా రాలేదు, అంత భయం. బీరువా తాళం మామ్మ బొడ్లో ఉంది. ముడి విప్పి, బీరువా తీయడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. అమ్మ గొట్టం నోట్లో పెట్టి నొక్కింది. మెల్లగా కూతలు తగ్గాయి.

ఆ మధ్యాహ్నమే మళ్లీ ఏలూరు వెళ్లాం. ఉబ్బసం వచ్చాక గడ్డి దుమ్ము పడదని, పెరుగు మాన్పించనక్కర్లేదని డాక్టరుగారు చెప్పారు.

"ఏవండీ, మరి ఆ గేదె పాలైనా పట్టొచ్చాండీ?" అని అడిగింది మామ్మ.

"కాచి పట్టండి."

గేదె మా ఇంట్లోనే ఉండిపోయింది. దాని పాలు పితకడం నేర్చుకున్నది నేను. సావిడి గడప దాటనివ్వరు కనుక చెల్లి వంటింటి కిటికీ పట్టుకొని చూసేది.

"మామ్మా, దీన్ని నా కోసమే కొన్నారంటగా. మరి నన్ను వెళ్లనివ్వరేం?"

మామ్మ బొడ్లో తాళాల పక్కనే ఇన్‌హేలర్ ఉంది. దాన్ని ఒకసారి తడుముకుంది.

"ఆలస్యంగా కొన్నామే తల్లీ," అంది.