హెస్లాప్ చేతిలో నిలవని మోకు

కత్‌బర్ట్ హెస్లాప్ చేతిలో మోకు నిలవదు. ఇంగ్లండు తూర్పుతీరంలోని నార్త్ షీల్డ్స్ రేవులో ఈ సంగతి తెలియనివాడు లేడు. సారాసీసా ఏనాడూ జారలేదు గాని, తన ఆవిరి పడవ ‘డొరతీ’ ఎక్కాడంటే చాలు, వెనక చుట్టిపెట్టిన లాగుడు మోకు దబ్బున సముద్రంలో పడాల్సిందే. ఆ పక్కన ఎవరి పడవ ఉంటే వాళ్లు దాని కొస తమ పడవకి కట్టుకుని, తిట్టుకుంటూ రేవుదాకా వెనకాలే రావాలి.

“కాస్త పట్టి ఉంచు నాయనా, నా పడవని నడిపే పక్క చక్రానికి చుట్టుకుంటే కొంప మునుగుతుంది,” అంటాడు హెస్లాప్.

ఆవిరియంత్రం చూసే ఇసాక్ పర్విస్‌కి ఒళ్లు మండిపోయేది. “ఊళ్లో పడవలన్నీ ఈడ్చుకొస్తే బొగ్గు నీ మావ ఇస్తాడా?” అనేవాడు.

డొరతీ ఒకప్పుడు ఓడల్ని రేవులోకి లాగే పడవ. ఆ పని సన్నగిల్లాక దానికి వల కట్టి చేపలు పట్టిస్తున్నారు. ఆ వల తమ గాలపుతాళ్లు తెంపుతోందని పక్కనే ఉన్న కల్లర్‌కోట్స్ జాలర్లకి కడుపుమంట. ఆవిరి పడవ సాయం ముట్టుకున్నవాడు తమ ఊరివాడే కాదని ఒట్టు పెట్టుకున్నారు. పెట్టించినవాడు ముసలి సిలాస్ బ్రంటన్.

ఓ రోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి తూర్పుగాలి విరుచుకుపడింది. సిలాస్ పడవలో తెరచాప కొయ్య విరిగింది. అతనూ అల్లుడూ ఉన్న ఆ పడవ నదిముఖంలోని నల్లబండల వైపు కొట్టుకుపోతోంది. దగ్గర్లోనే ఉన్న డొరతీ వల ఇంకా నీళ్లలోనే ఉంది, ఆ బరువుతో వేగం అందదు.

ఇసాక్ యంత్రం గదిలోంచి పైకి తల పెట్టి అరిచాడు. “సిలాస్ బాబాయ్, మోకు విసురుతున్నాం, అందుకో.”

“దాంతో నువ్వే ఉరేసుకో. ఒట్టు పెట్టించిందీ నేనే, తప్పేదీ నేనేనా?” అన్నాడు సిలాస్. చెయ్యి చాచబోయిన అల్లుణ్ణి తెడ్డుతో ఒక్కటిచ్చాడు.

బండల మీద నురుగు కనిపిస్తోంది. ఇంత చేటు పంతమేమిటి ఈ మనిషికి?

హెస్లాప్ గొడ్డలి తీసి వల తాళ్లు రెండూ నరికేశాడు.

“అయ్యో, కొత్త వలయ్యా!” అని ఇసాక్ లబోదిబోమన్నాడు.

“జారిపోయింది. ఆవిరి పెంచు.”

ఇసాక్ దేవుడికి దణ్ణం పెట్టుకుని బొగ్గు ఎత్తిపోశాడు. ఒక పక్క చక్రం గాలిలో తిరిగితే రెండో పక్కది నీళ్లలో మునిగి మూలుగుతోంది. డొరతీ బండల అంచుకి వెళ్లి సిలాస్ ముందు అడ్డంగా తిరిగింది. దబ్బుమని చప్పుడైంది.

“సిలాస్, నా మోకు జారిందిరా.”

“ఇప్పుడా? చేతులా అవి, చేపరెక్కలా?”

“తిట్లు తర్వాత. చక్రానికి చుట్టుకుంటే మేమంతా చస్తాం. నీకు పుణ్యముంటుంది, కొస కట్టిపెట్టు.”

“చూస్తావేంరా, పట్టు. వీళ్ల ప్రాణాలు మన నెత్తిన పడ్డాయి,” అన్నాడు సిలాస్ అల్లుడితో.

మోకు బిగిసింది. లాగినట్టే లాగి డొరతీ మళ్లీ వెనక్కి జారింది. ఇసాక్ ఉన్న బొగ్గంతా కుమ్మరించాడు. తెడ్డు చాపితే తగిలేంత దూరంలో నల్లబండ వెనక్కి తప్పుకుంది.

రేవులో చేపలబుట్టలు మోసే ఆడవాళ్లు చుట్టూ చేరితే సిలాస్ వేడి టీ తాగుతూ, “నేను మోకు పట్టబట్టి సరిపోయింది. లేకపోతే వీళ్లు ఈపాటికి చేపలకి మేత,” అన్నాడు.

హెస్లాప్ టోపీ తీశాడు. “నిజమే సిలాస్. నీ దయవల్ల బతికాం.”

ఇసాక్ నోరు తెరవబోతే హెస్లాప్ బూటు అతని కాలిని తొక్కింది. అప్పుడు తట్టింది ఇసాక్‌కి. తెరచాప నిండా గాలి ఉన్న పడవ పక్కన ఆ మోకు ఎన్నడూ జారలేదు.

“ఓడలు లాగిన ఇరవయ్యేళ్లలో ఒక్కసారీ జారలేదేం?” అని అడిగాడు మెల్లిగా.

“వయసు మీద పడుతోంది కదయ్యా.”

తర్వాతి వారం పాత వలకి అతుకులేసుకుని బయల్దేరారు. తిరుగుదారిలో గాలి ఆగిపోయి సిలాస్ పడవ కొత్త కొయ్యకి తెరచాప వేలాడుతోంది. హెస్లాప్ అటు చూడనట్టు పైపు వెలిగించుకుంటున్నాడు. ఇసాక్ యంత్రం దగ్గర్నుంచి లేచి వెనక్కెళ్లి మోకుని కాలితో ఒక్క తోపు తోశాడు.

“మోకు జారింది కెప్టెన్.”

“నీకూ అంటుకుందా ఈ జబ్బు?” అన్నాడు హెస్లాప్.

అవతల సిలాస్ ఇద్దర్నీ కలిపి తిడుతున్నాడు. కొస అందుకోవడానికి మాత్రం అప్పటికే వంగి ఉన్నాడు.