మూడో పిలుపు

సీతయ్యకు ఎలుగుబంటి అంటే భయం లేదు, ఫారెస్టువాళ్లన్నా పెద్దగా లేదు. ఆ మోకు అంటేనే హడల్.

2009 వేసవిలో జూలూరుపాడు అవతల, అడవి అంచున ఉన్న అతని చేను పక్కన, గాలితో కరెంటు తీస్తామని ఓ కంపెనీ దిగింది. కింది గాలి చాలదట, పైన బ్రహ్మాండంగా ఉంటుందట. పొట్టలో రెక్కల మర తిరిగే పెద్ద తెల్ల బుడగను ఆకాశంలోకి వదిలి, లావుపాటి మోకుతో నేలకు కట్టేశారు. కరెంటు ఆ మోకు వెంటే కిందికి దిగుతుంది. ఎద్దును గుంజకు కట్టినట్టు గాలిని కట్టేశామనుకుంటున్న ఆ పెద్దమనుషులను చూస్తే అదే ఊరివాణ్ణయిన నాకు నవ్వొచ్చేది. మోకును చుట్టే మోటారు దగ్గర పనికి కుదిరిన సీతయ్యకు మాత్రం నవ్వు రాలేదు. గాలి పెరిగితే మోకు మూలిగేది. ఆ పూట అతనికి అన్నం సయించేది కాదు.

"దుమారం వస్తే జల్దీ చుట్టెయ్. మోకు కింద ఎవరూ లేకుండ చూస్కో," అని చెప్పి ఇంజనీరు జస్టిన్ డీజిల్ కోసం తల్లాడ వెళ్లాడు. ఆ మధ్యాహ్నమే దుమారం లేచింది.

బుడగ ఒరిగిపోయి, మోకు ఇప్పచెట్ల మీదికి వాలింది. ఆ చెట్ల కిందే జంపక్క ఉండాలి. తల్లి పోయాక సీతయ్యను సాకిన అక్క. ఇప్పపూలు రాలే కాలమని, పూలు ఏరుకునేందుకు చెట్టు మొదట్లో ఆకులు ఊడవడానికి పోయింది.

 సీతయ్య మోటారు స్టార్ట్ చేస్తూనే గొంతు చించుకుని పిలిచాడు. "జంపక్కా! జంపక్కా! జంపక్కా!"

అడవిలో ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మూడో పిలుపు దాకా పలకకూడదని అక్కడివాళ్ల కట్టడి. మొదటి రెండూ మనిషి పిలుపులు కాకపోవచ్చు. అది తమ్ముడికి నేర్పిందే జంపక్క. మూడుసార్లు పిలిచినా జవాబు లేదంటే అక్క ఇంటికి పోయిందన్నమాటే. అతను మోకు చుట్టడం మొదలుపెట్టాడు.

చెట్ల మీద మోకు బిగిసి, కొమ్మలు విరిగిన చప్పుడు. దాని వెనకే ఆడమనిషి కేక.

మోటారు ఆపి పరుగెత్తాడు. దారిలో ఏ దేవతకు ఏం మొక్కుకున్నాడో అతనికే గుర్తులేదు. విరిగిపడ్డ కొమ్మ కింద కాలు నలిగి జంపక్క పడి ఉంది, ప్రాణంతోనే.

"మూడుసార్లు పిలిస్తి గదక్కా! ఎందుకు పలకలే?"

"రెండే ఇనొచ్చినయ్ రా," అంది జంపక్క మూలుగుతూ. "ఇంకోటి పిలుస్తవని చూస్తున్న."

మొదటి పిలుపును మోటారు స్టార్టయ్యేటప్పటి మోత మింగేసింది.

వానలు పడకముందే కంపెనీ సామాను సర్దుకుని పోయింది. జంపక్క కర్ర పట్టుకుని ఇంటిపట్టునే ఉంటోంది. సీతయ్య చేను నుంచి వస్తూ వాకిట్లోనే నిలబడి "అక్కా" అంటాడు. "ఉన్న తమ్మీ" అని ఆమె ఇప్పుడు మొదటి పిలుపుకే పలుకుతుంది. ఆ మాట వినబడేదాకా అతని కాలు గడప దాటదు.