శాలువా చాంపియన్ రెండో పోటీ

ఉద్యోగ విరమణకు ముందు ఏడాది ఫిబ్రవరిలో, సిద్దిపేటలో జరిగే ప్రొఫెషనల్ బాక్సింగ్ చాంపియన్‌షిప్ మళ్ళీ పోటీకి నన్ను టైమ్‌కీపర్‌గా నియమిస్తూ బాక్సింగ్ సంఘం నుంచి ఉత్తర్వు వచ్చింది. నా అసలు ఉద్యోగం కరీంనగర్‌లో జూనియర్ కాలేజీ ఫిజికల్ డైరెక్టర్. అయినా పెళ్ళిళ్ళలో ఎదురైనవాళ్ళు నన్ను పక్కవాళ్ళకు పరిచయం చేసేటప్పుడు ‘గంట కొట్టే సార్’ అనే అనేవారు. దీనిమీద మా కాలేజీ అటెండరుకు అభ్యంతరం ఉండేది. రోజూ గంట కొట్టేది తానైతే పేరు నాకు వచ్చిందని ఆయన బాధ.

టైమ్‌కీపర్ పని బయటివాళ్ళకు తేలికగా కనిపిస్తుంది. రింగు పక్కన ఒక బల్ల, బల్లమీద ఇత్తడి గంట, చేతిలో స్టాప్‌వాచ్. రౌండు మూడు నిమిషాలు, మధ్యలో విశ్రాంతి ఒక నిమిషం. విశ్రాంతి ముగియడానికి పది సెకన్ల ముందు ఈల వేస్తాం. ఈల వినగానే బాక్సర్ సహాయకులు బకెట్టూ తువ్వాలూ పట్టుకుని రింగు దిగిపోవాలి. ఎవరైనా దెబ్బ తిని పడితే బల్లను చరుస్తూ లెక్క మొదలుపెట్టేది కూడా మేమే. రిఫరీ రెండోవాణ్ణి దూరంగా ఉన్న మూలకు పంపి వచ్చి ఆ లెక్కను అందుకుంటాడు. హోదాలో సూపర్‌వైజర్, రిఫరీ, జడ్జీలు అందరూ మాకంటే పైవాళ్ళే. కానీ గంట మోగనిదే వాళ్ళలో ఒక్కరికీ పని ఉండదు. ఈ సంగతి మేము పైకి అనం గానీ లోపల గట్టిగానే అనుకుంటాం.

మళ్ళీ పోటీ ఎందుకు వచ్చిందో చెప్పాలి. అంతకుముందు వానాకాలంలో అదే ఊళ్ళో, అదే ఫంక్షన్ హాల్లో సిద్దిపేట మల్లేశం, విశాఖపట్నం సత్తిబాబు తలపడ్డారు. మల్లేశం నేత కుటుంబంవాడు. తండ్రి వెంట మహారాష్ట్రలోని భివండీ పోయి, మగ్గాల షెడ్డు పక్కనున్న వ్యాయామశాలలో బాక్సింగ్ నేర్చుకుని వచ్చాడు. ఎనిమిదో రౌండు చివర మల్లేశం, సత్తిబాబు దెబ్బకు పడి, ఎలాగో లేచి తన మూలకు చేరాడు. సరిగ్గా ఆ విశ్రాంతి నిమిషంలో ముఖ్య అతిథి వచ్చారు. ఆయనను రింగు ఎక్కించి శాలువా కప్పారు. ఆయన బాక్సర్లిద్దరికీ కప్పారు, రిఫరీకి కప్పారు, ఆపైన యువత, క్రీడలు, అభివృద్ధి గురించి ప్రసంగించారు.

అప్పటి టైమ్‌కీపర్ జనార్దన్ సార్ స్థానికుడు, చాలా మర్యాదస్థుడు. చిక్కంతా ఆ మర్యాదతోనే వచ్చింది. పెద్దవాళ్ళు మాట్లాడుతుండగా గంట కొట్టడానికి ఆయనకు చేయి రాలేదు. విచారణలో ఆయన ఇచ్చిన జవాబును సంఘం ఆఫీసులో ఇప్పటికీ చెప్పుకుంటారు. “పెద్దమనిషి మాట్లాడంగ గంట గొడితె ఏం బాగుంటది సార్? గడియారమైతే నేను సరిగనే చూసిన.”

ప్రసంగం ముగిసేసరికి మల్లేశానికి ఊపిరి కుదుటపడింది, సత్తిబాబుకు ఒళ్ళు చల్లబడింది. తొమ్మిదో రౌండులో మల్లేశం అతణ్ణి నాకౌట్ చేశాడు. చాంపియన్ బెల్టు సిద్దిపేటలోనే ఉండిపోయింది. సత్తిబాబు ఫిర్యాదు చేశాడు, సంఘం మళ్ళీ పోటీకి ఆదేశించింది. ఈలోగా ఊళ్ళో మల్లేశానికి ఒక పేరు స్థిరపడిపోయింది. అది ‘శాలువా చాంపియన్’.

బరువులు చూసే కార్యక్రమం పోటీకి ముందురోజు జరుగుతుంది. నేను వెళ్ళేసరికి హాలు ముందు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ముఖ్య అతిథి నవ్వుతూ నిలువెత్తున ఉన్నారు. ఆయన చుట్టూ ఊళ్ళోని పెద్దలందరూ ఉన్నారు. బాక్సర్లిద్దరూ అడుగున, ఫ్లెక్సీ ప్రింటు చేసిన షాపు ఫోన్ నంబరు పక్కన ఉన్నారు. జాగ చాలక గ్లవ్స్ కత్తిరించేశారు. కొత్తవాళ్ళెవరైనా చూస్తే ఇద్దరు తమ్ముళ్ళు అన్నగారికి పుట్టినరోజు శుభాకాంక్షలు చెబుతున్నారనుకుంటారు.

బరువు తూగాక మల్లేశం నా దగ్గరికి వచ్చాడు. చొక్కా వేసుకుంటూనే అన్నాడు.

“సార్, ఒక్క మాట. రేపు ఎవలొచ్చినా గంట మాత్రం ఆపకున్రి. పడితే పడ్త. నా బిడ్డను బడిల పోరలు శాలువా పిల్ల అంటున్రు.”

గెలిపించమని అడిగినవాళ్ళను చాలామందిని చూశాను. గంట సరిగ్గా కొట్టమని అడిగినవాడు ఇతనొక్కడే. అతనిమీద నాకు గౌరవం కలిగింది, దాంతోపాటే భయం కూడా కలిగింది. ఎందుకంటే ఆ హాలు యజమానీ, పోటీ నిర్వాహకుడూ అయిన భూమయ్యతో నేనింకా మాట్లాడలేదు.

నియమాల సమావేశంలో మాట్లాడాను. సన్మానాలన్నీ మొదటి గంటకు ముందే ముగించాలన్నాను. భూమయ్య నన్ను జాలిగా చూశాడు. “పెద్దసారు ఎప్పుడొస్తడో పెద్దసారుకే ఎరుకలేదు సార్. మనమెట్ల చెప్తం?” అన్నాడు. అయితే పోటీ అయ్యాక చేసుకోండి అన్నాను. అప్పటిదాకా ఆయన ఆగరన్నాడు. చివరికి మా సూపర్‌వైజర్ కల్పించుకుని, అతిథులెవరూ రింగులోకి రాకూడదని తేల్చి చెప్పాడు. భూమయ్య గుండెమీద చేయి వేసుకుని పూచీ పడ్డాడు. “తాళ్ల లోపటికి ఒక్కలు రారు. నాది జిమ్మ.”

పోటీనాడు రింగును పెళ్ళి మంటపం ఉండే చోటే బిగించారు. పైన పూల పందిరి అలాగే ఉంది. రిఫరీ భుజంమీద మధ్యమధ్య బంతి రేకులు పడుతుంటే దులుపుకుంటూ పని చేశాడు. మైకు పట్టుకున్నతను కూడా పెళ్ళిళ్ళవాడే. రౌండు రౌండుకూ వెనక వరుసలవాళ్ళను కూర్చోమని, పిల్లలను దగ్గర పెట్టుకోమని బతిమాలుతూ వచ్చాడు.

ఏడు రౌండ్లు ఏ అడ్డంకీ లేకుండా సాగాయి. మల్లేశం బాగా ఆడాడు, సత్తిబాబు ఇంకా బాగా ఆడాడు. ఎనిమిదో రౌండు చివర్లో సత్తిబాబు ఎడమచేతి దెబ్బ దవడకు తగిలి మల్లేశం కూలాడు. నేను బల్ల చరిచాను, రిఫరీ లెక్క అందుకున్నాడు. ఎనిమిది దగ్గర మల్లేశం లేచాడు. గంట కొట్టాను. అతను మూలకు చేరి స్టూలుమీద పడ్డాడు. అప్పుడే బయట డప్పులు మోగాయి.

పెద్దసారు వచ్చారు. హాలంతా లేచి నిలబడింది. అనుచరులు ఆయనను నేరుగా రింగు మెట్లెక్కించి, తాళ్ళ బయట ఉండే అంచుమీద, సరిగ్గా మల్లేశం మూల దగ్గర నిలబెట్టారు. ఇదేమిటని భూమయ్యను కేకేశాను. “తాళ్ల లోపటికి రాలే గద సార్!” అన్నాడు. నిజమే, రాలేదు. పెద్దసారు చేతికి మైకు, శాలువా రెండూ అందించారు. ప్రసంగం మొదలైంది.

పది సెకన్ల ఈల వేశాను. మల్లేశం సహాయకులు దిగలేదు. దిగడానికి మెట్లమీద చోటు లేదు, దిగాలన్న కోరిక వాళ్ళకు అసలే లేదు. ఎంత ఆలస్యమైతే అంత మేలని కోచ్ అతని మెడ నిమురుతూ ఉన్నాడు. నిమిషం పూర్తవుతుండగా భూమయ్య నా బల్ల దగ్గరికి పరుగున వచ్చి, గంటమీద అరచెయ్యి అదిమి పెట్టాడు.

“జర ఆగున్రి సార్, పెద్దసారు మాట్లాడుతుండు.”

నాకు ఒళ్ళు మండింది. సమయం కాగానే ఆ చేతి పక్కనుంచే సుత్తితో కొట్టాను. గంట మోగలేదు, టక్కుమంది. నాకూ భూమయ్యకూ తప్ప ఎవరికీ వినబడలేదు.

కానీ మల్లేశం పెద్దసారును చూడటం లేదు. నన్ను చూస్తున్నాడు. సుత్తి పడటం చూసి లేచాడు. కోచ్ అతని నిక్కరు పట్టి లాగాడు. “కూసోరా! సార్ మాట్లాడుతుండు!”

“గంటయింది” అని విడిపించుకుని రింగు నడుమకు వెళ్ళి నిలబడ్డాడు. తూలుతున్నా గ్లవ్స్ దించలేదు. ఎదుట సత్తిబాబు ఇంకా స్టూలుమీదే ఉన్నాడు, అతనికి గంట వినబడలేదు.

పెద్దసారు అప్పటికే తాళ్ళమీదుగా వంగి శాలువా చాపారు. అది కప్పవలసిన భుజాలు వెళ్ళిపోయాయి. ఫోటోలవాళ్ళు ఎదురుచూస్తున్నారు. ఆయన అటూ ఇటూ చూసి, పక్కకు తిరిగేసరికి కింద నా బల్ల దగ్గర భూమయ్య కనిపించాడు. శాలువా తనవైపు తిరిగితే భూమయ్య ఆగగలిగే మనిషి కాదు. గంట వదిలేసి, రెండు చేతులూ జోడించి మెడ వంచాడు. నేను మళ్ళీ కొట్టాను. ఈసారి హాలంతా మోగింది. సత్తిబాబు ఉలిక్కిపడి లేచాడు, ప్రసంగం మాట మధ్యలో ఆగింది. జనం ఎప్పుడు చప్పట్లు కొట్టాలో తెలియక అప్పుడే కొట్టారు.

ఆ రౌండులో మల్లేశం నిమిషంకంటే ఎక్కువ నిలవలేదు. రెండోసారి పడ్డప్పుడు నేను లెక్క మొదలుపెడితే, ‘మెల్లగ, మెల్లగ’ అని వెనకనుంచి నన్ను బతిమాలారు. సెకను సెకనే. రిఫరీ పది అన్నాడు. బెల్టు సత్తిబాబుదైంది. మైకతను ఏం చెప్పాలో తోచక, భోజనాలు సిద్ధంగా ఉన్నాయని ప్రకటించాడు.

పెళ్ళికూతురి గదిలో మల్లేశాన్ని డాక్టర్ పరీక్షించాడు. నేను వెళ్ళేసరికి తెలివిగానే ఉన్నాడు.

“సార్, గంట టైముకే గొట్టిన్రా?”

టైముకే కొట్టానని, వినబడటమే కొంచెం ఆలస్యమైందని, ఆ కాసేపూ అతను నిలబడే ఉన్నాడని చెప్పాను.

“అయితె సక్కగనే ఓడిపోయిన” అన్నాడు. పెదవి పగిలి ఉండటంతో సగమే నవ్వాడు.

తర్వాత భూమయ్య నామీద ఫిర్యాదు చేశాడు. అతిథిని అవమానించానట. సంజాయిషీ అడిగారు. నిమిషానికి గంట కొట్టానని ఒక్క వాక్యం రాసి పంపాను. దానికి తిరిగి జవాబు రాలేదు. భూమయ్య మాత్రం ఆ శాలువా ఫోటోను తన హాల్లో కట్టించుకున్నాడు.

గంటను సమయానికి కొట్టేది గెలిచేవాడికి అన్యాయం జరగకుండా ఉండటానికని నేను అప్పటిదాకా అనుకునేవాణ్ణి. ఓడేవాడికి అది ఇంకా ఎక్కువ అవసరమని ఆ పోటీలో తెలుసుకున్నాను. గెలిచినవాడికి బెల్టు ఉంటుంది, ఫోటో ఉంటుంది. ఓడినవాడి దగ్గర, పోటీ సక్రమంగా జరిగిందన్న ఒక్క మాటే మిగులుతుంది. అది లేకపోతే అతను మళ్ళీ ఎవరి ముందూ గ్లవ్స్ తొడగలేడు. మల్లేశం, డాక్టర్ చెప్పిన విశ్రాంతి ముగిసిన మర్నాడే వ్యాయామశాలకు వెళ్ళాడు.