పొగ మిషన్‌కు దసరా ధూపం

ఆ రోజుల్లో నాకు తెలిసిన పొగ పొయ్యిలోది ఒక్కటే. బండి వెనకాల వచ్చే పొగకు పరీక్ష ఉంటుందని, ఆ పరీక్ష పెట్టే కొలువు నాకే దొరుకుతుందని కల్లో కూడా అనుకోలేదు. మిర్యాలగూడ రైసు మిల్లుల దారిలో వ్యాను నిలబెట్టి, లారీల పొగ చూసి సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లం. (నాకు చదువు రాదు. తెర మీద ఎర్ర రంగు వస్తే ఫెయిలు, ఆకుపచ్చ వస్తే పాసు. దీనికి బడికి పోవాలా?) "దసరా దాకా జూస్త. పని మంచిగుంటే ఉంచుకుంట, లేకుంటే ఇంటికే" అన్నాడు వ్యాను ఓనరు. ఆ కొలువు పోతే నాకు మళ్లీ మిల్లులో బియ్యం చెరగడమే గతి.

దసరా పొద్దున ఊళ్లో బండ్లన్నిటికీ పూజ చేస్తుంటే మా మిషన్ ఒక్కటే బోడిగా ఉంచడానికి మనసొప్పలేదు. బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, పొగ పీల్చే గొట్టం మూతి దగ్గర నిప్పుల మీద గుప్పెడు సాంబ్రాణి వేశాను. నా కొలువు నిలబెట్టు తల్లీ అని దండం కూడా పెట్టాను.

మొదట వచ్చింది మా ఆయన, మిల్లు లారీతో. గొట్టం పెట్టాను. ఎరుపు!

"ఏమే, మొగని బండికే ఫెయిలా?"

"నేనేం జెయ్యాలయ్యా, మిషన్ గట్లనే సూపిస్తుంది."

"దాని మాటింటవా, నా మాటింటవా?"

"ఇంటికాడ నీ మాట. గీడ దాని మాటే."

వెనక వచ్చిన బండ్లకూ ఎరుపే. చివరికి ఓనరు పూలదండ వేసుకొచ్చిన కొత్త కారుకు కూడా. "నా కొత్త కారు పొగ కక్కుతదా?" అని ఆయన వంగి గొట్టం వాసన చూశాడు. "ఇదేంది, గుళ్లె వాసనొస్తుంది?"

"పండుగ గద సారూ, జర ధూపమేసిన."

"పొగ జూసే మిషన్‌కే పొగబెట్టినవా తల్లీ!"

డ్రైవర్లంతా ఒకటే నవ్వు. ఇగ నా పని ఖతం అనుకున్నాను. ఓనరు గొట్టం విప్పి, తుడిచి మళ్లీ పెడితే కారుకు ఆకుపచ్చ వచ్చింది. తర్వాత బండ్లకూ ఆకుపచ్చే. మా ఆయన లారీకి మాత్రం మళ్లీ ఎరుపే! (సాంబ్రాణి పాపం కొంత, ఆ ఇంజను పాపం కొంత.)

"సొంత మొగనికే దొంగ పాసు ఇయ్యలేదు, ఇగ ఎవనికిస్తవు? రేపు కూడ రా" అన్నాడు ఓనరు.

మా ఆయన మూతి ముడుచుకుని సూర్యాపేట మెకానిక్ దగ్గరికి పోయాడు. బాగు చేయించుకొచ్చి, నా ముందు లారీ ఆపి, ఊరికే యాక్సిలరేటర్ తొక్కి, "ఇప్పుడు జూడు" అన్నాడు.

మా ఆయన చనిపోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు కోదాడ రోడ్డు మీద బ్యాటరీ ఆటోలు పొగా చప్పుడూ లేకుండా పోతుంటే మంచిదే అనిపిస్తుంది. ఎప్పుడో ఒక పాత లారీ నల్లగా కక్కుతూ పోతే అందరూ ముక్కు మూసుకుంటారు. నేను మాత్రం డ్రైవరు సీటు వైపు తొంగి చూసి, ఈ వయసులో ఇదేం పిచ్చే అని నాలో నేనే నవ్వుకుంటాను.