అమ్మ ఎక్కించిన పోగులు

శుభ్రం విషయంలో నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. ఆ ఏడు మా కొంపను వాన సగమే ముంచింది. మిగతా సగం నేను ముంచాను.

అమీర్‌పేటలో మాది మట్టిగోడల ఇల్లు. యుద్ధం రోజులు, నూలు దొరకడమే గగనం. అమ్మ పోయి ఏడాది కూడా కాలేదు. నాయన ఒక్కడే మగ్గం మీద కూర్చునేవాడు. ఆ వానాకాలం పంజాగుట్ట వైపు నుంచి వరద ఇంట్లోకి వచ్చింది. వెనక గోడ కూలింది. నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంట నిండా నీళ్లు నిలిచాయి.

నీళ్లు తోడేశాక నాయన గోడకు మట్టి తేవడానికి ఎర్రగడ్డకు బయలుదేరాడు.

"బిడ్డా, నేనొచ్చేసరికి జర ఇల్లు సాపు చెయ్యి" అన్నాడు.

చేశాను. బురద ఎత్తిపోశాను, గిన్నెలు తోమాను. మగ్గానికి పాత పడుగు పోగుల కొసలు వేలాడుతున్నాయి, బూజు పట్టి, కంపు కొడుతూ. నేత ఇళ్లలో బట్ట కోసినా ఆ కొసలు తీయరు. కొత్త పోగులను ఒక్కొక్కటిగా వాటికే అతుకుతారు. అది చూస్తూ పెరిగినదాన్నే. పని తగ్గడానికే అలా చేస్తారనుకున్నాను. కత్తెరతో అన్నీ కత్తిరించి బురదలో పారేసి, మగ్గం కడిగి, నాయన మెచ్చుకుంటాడని గుమ్మంలో కూర్చున్నాను.

నాయన గంప దించి మగ్గం వైపు చూశాడు. దగ్గరికి వెళ్లాడు. పోగులు దూర్చే ఖాళీ కన్నుల మీద వేళ్లు పోనిచ్చాడు.

"గీ అంచు మీ అమ్మ ఎక్కించింది బిడ్డా. ఏ పోగు ఏ కన్నులకెల్లి పోవాల్నో ఆమెకే ఎరుక. నాకు అతుకుడే వస్తది."

ఇద్దరం బురదకుప్ప తవ్వాం. పోగుల ముద్ద దొరికింది. ఏది ముందో ఏది వెనకో ఎవరు చెప్పాలి? చూసి ఎక్కిద్దామంటే, ఆ అంచు చీర ఇంట్లో మిగిలింది ఒక్కటే. అమ్మ పోయిన రోజు అది ఆమె మీదే కప్పి సాగనంపాం.

"నన్ను తిట్టు నాయినా" అని ఏడ్చాను. తిట్టలేదు. తిడితే ఎంత బాగుండేదో.

"వేరే అంచు ఎక్కించుకోరాదా?" అంది పక్కింటి పెద్దమ్మ.

"మనసొప్పుతలేదు వదినె" అన్నాడు నాయన. గోడకని తెచ్చిన ఎర్రమట్టిని మగ్గం గుంటలో పోసి పూడ్చేశాడు. నెల తిరక్కుండానే ఒక దర్జీ దుకాణంలో కాజాలు కుట్టే పనికి కుదిరాడు.

పూడ్చిన చోటు నేనే అలికాను. చాలా నున్నగా వచ్చింది. తల్లి లేని పిల్ల ఇంటిని ఎంత శుభ్రంగా పెట్టుకుందో అని, చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు.